ల్యాబ్ బల్ల మీద కొబ్బరికాయ

“ఏడాదికి ఒక్క దినం సత్తెమ్మా. కొత్త మైక్రోస్కోప్ వచ్చింది. కొబ్బరికాయ కొట్టకుంటె ఎట్ల?” అన్నాడు మల్లేశం సారు.

“కొట్టుండ్రి సారు. ఈ బల్ల మీద మాత్రం వద్దు.”

“దేవుణ్ణి బయట నిలబెడ్తవా?”

“గుడికి పోయి మనం బయట నిలబడి మొక్కుతలేమా? ఒక్కనాడు ఆయన నిలబడతడు.”

“మాటలు బాగ నేర్చినవ్. పెద్ద డాక్టరుకు చెప్పి నిన్ను వార్డుకు ఏపిస్త. నీ నియమాలు గాడ చెప్పుకో.”

“ఏపియుండ్రి. అందాక తాళంచెవి నా కొంగుకే ఉంటది.”

తెలంగాణ వచ్చిన తర్వాత ఒక దసరాకు ముందురోజు జరిగిన సంగతి ఇది. అప్పుడు నేను నల్లగొండ జిల్లాలో ఒక సర్కారు దవాఖాన ల్యాబ్‌లో అటెండర్‌ను. చదువు నాలుగో తరగతి. మల్లేశం సారు టెక్నీషియన్. రక్తం, తెమడ పరీక్షించి రిపోర్టు రాసేది ఆయన. బల్లలు, నేల, సీసాలు శుభ్రం చేసేది నేను.

బ్లీచింగ్ మందునీళ్లు రోజూ పొద్దున కొత్తగా కలపాలి. నిన్నటి నీళ్లకు వాసన ఉంటుంది గానీ పస ఉండదు. మిగిలితే పారబోయాలి. మిగిలిన చారు కూడా పారబోయని దాన్ని, అందుకే ఆ పూటకు కావలసినన్నే కలిపేదాన్ని. రక్తం చిందితే వెంటనే తుడవకూడదు. పైన గుడ్డ పరిచి, మందునీళ్లు పోసి, అవి పని చేసేదాకా ఆగి, అంచుల నుంచి నడిమికి తుడవాలి. మైక్రోస్కోప్‌కు ఆ నీళ్లు తగలనీయకూడదు, లోహాన్ని తినేస్తాయి. ల్యాబ్ లోపల తిండి, నీళ్లు ఏవీ ఉండకూడదు.

ఇవన్నీ నాకు నేర్పింది మల్లేశం సారే. నేను చేరిన కొత్తలో నా నడుముకున్న తమలపాకుల సంచి తీయించి, తలుపు బయట మేకు కొట్టి దానికి తగిలించింది కూడా ఆయనే.

ఆయన సంతోషం నాకు తెలియక కాదు. పాత మైక్రోస్కోప్ అద్దానికి బూజు పట్టి, చూసి చూసి ఆయన కండ్ల వెంట నీళ్లు కారేవి. అడగ్గా అడగ్గా కొత్తది వచ్చింది. కానీ టీబీ రోగుల తెమడ డబ్బాలు పెట్టేది ఆ బల్ల మీదనే. అంతకు ముందటి దసరాకు నేను సెలవులో ఉన్నప్పుడు అక్కడే కాయ కొట్టి, ముక్కలు కోసి పంచారు. నేను వచ్చి చూస్తే బల్లంతా బంక. చీమల బారు తెమడ డబ్బాల మీదుగా మిగిలిన ప్రసాదం దగ్గరికి పోతోంది.

వార్డుకు వేస్తే రాత్రి డ్యూటీ పడుతుంది. తల్లి లేని మనవరాలు ఇంట్లో ఒక్కతే అవుతుంది. అది తెలిసే నోరు విప్పాను. ఇంటికి పోయేముందు ఒకటే అడిగాను: “నా ఆకుల సంచి బయట తగిలేసింది ఎవరు సారు?”

నాకు తెలిసింది ఇది: నేర్పినవాడు కూడా పండుగపూట నియమం మరుస్తాడు. క్రిమికి పండుగ లేదు. ఆ పూట ఎవరో ఒకరు గుర్తుంచుకోవాలి.

తెల్లారి పొద్దున నేను పోయేసరికి సారు వరండాలో స్టూలు వేసి, మైక్రోస్కోప్ వచ్చిన ఖాళీ చెక్కపెట్టెను దాని మీద పెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూలు వేశాడు. మెట్టు మీద కాయ కొట్టి నాకొక చిప్ప ఇచ్చాడు.

“నిన్ను వార్డుకు పంపిద్దామనుకున్న. ఆడున్న రోగులు ఏం పాపం చేసిండ్రని ఊకున్న” అన్నాడు.

చిప్పను నా ఆకుల సంచిలో వేసి మేకుకు తగిలించాను, పచ్చడికి పనికొస్తుందని. ఇద్దరం సబ్బుతో చేతులు కడుక్కున్నాం. నేను తాళం తీసి లోపలికి పోయి మందునీళ్లు కలిపాను.