ఆరో తాళంచెవి

నా కొడుకు పోయి మూడు నెలలైంది. అజ్మాన్ల డ్యూటీ మీదనే గుండె ఆగిందని వాడితోని ఒక్క ఇంట్ల ఉండే దోస్తులు ఫోన్ చేసిన్రు. అప్పుడు నేను గూడ ఆ గల్ఫ్ దేశంలనే, బనియాస్‌ల, నేను వంటజేసే మేడం ఇంట్ల బియ్యం కడుగుతున్న. ఆ బియ్యం ఏమైనయో ఇప్పటికీ యాదికి లేదు.

ఆ ఇల్లు ఎరుకలేనోళ్లకు చెప్తున్న. మా ఊరి దిక్కు పాలిటెక్నిక్ కాలేజీల సదివినోళ్లు ఎన్నడో కిరాయికి పట్టిన ఇల్లు. ఆరు మంచాలు, ఆరు తాళంచెవులు. ఒకలు ఇల్లిడిసి మన దేశం మర్లి పోతుంటే, అదే కాలేజీ నుంచి కొత్తగ వచ్చినోని చేతిల గడప కాడ నిలవడి తాళంచెవి పెట్టి పోవాలె. ఏడోది చేయించొద్దు. మొదటోళ్లు పెట్టిన కట్టుబాటు అది.

ఆ ఇంటిని నా కొడుకు పసిపిల్ల లెక్క సాకిండు. సెలవొస్తే ఏసీ జాలీ కడుగుడు, కిటికీల ఇసుక తుడుసుడు, కారే నల్లాకు దారం సుట్టుడు. "ముదీర్ సాబ్ వచ్చిండు, చెప్పులు సక్కగ పెట్టుండ్రిరా" అని దోస్తులు వాణ్ని మేనేజర్‌ను చేసి ఎక్కిరిస్తుండె. "కిరాయి ఇంటికి గింత తిప్పలెందుకురా" అని నేనంటే, "ముందటోళ్లు మంచిగుంచవట్టే గదనే నాకు జాగ దొరికింది" అనేటోడు.

మొగపిల్లలుండే ఇల్లని నేనెన్నడు పోలే. కానీ ఆ తలుపు నాకెరుకే. వాడు రోజు డ్యూటీ నుంచి వస్తు ఫోన్ల మాట్లాడేటోడు. "ఆగే అమ్మా, తలుపు జర నా దిక్కు గుంజి తిప్పాలె" అనేటోడు. టక్కుమనేది. కొడుకు ఇల్లు చేరిండని నా పానం నిమ్మళమయ్యేది.

వాడు పోయిన్నాడు దోస్తులు ఏడ్సుకుంట వాని సామాను కట్టిన్రు, అంగీ జేబు ఎవలు సూడలే. అండ్లున్న తాళంచెవి సామానుతోని నాకొచ్చింది. దారానికి గుచ్చి మెడల ఏసుకున్న. వాళ్లూ అడగలే. ఆరో మంచం మీదికి కొత్తాయన వచ్చిండని, ఎవలన్న వచ్చేదాక బయట మెట్ల మీద ఎండల కూసుంటుండని తెల్సి నేనే ఫోన్ చేసిన.

"ఇంకోటి చేయించుకోండ్రి బిడ్డా" అన్న.

"ఎట్ల చేయిస్తమమ్మా? అన్న ఒప్పుకోడు."

లేనోడు ఒప్పుకోడంట. ఆ మాటకు శానసేపు ఏడ్సిన.

మొన్న సెలవడిగి అజ్మాన్ పోయిన. అందరు వాకిట్ల నిలవడ్డరు. గడప కాడ దారం తెంపి తాళంచెవి ఆ కొత్తాయన చేతిల పెట్టిన. తిప్పిండు. తిరగలే. మల్ల తిప్పిండు.

"బిడ్డా, జర నీ దిక్కు గుంజి తిప్పు" అన్న.

టక్కుమంది. నా చెయ్యి ఫోన్ పట్టుకున్నట్టె చెవు కాడికి పోయింది.