గులాబీ ఈగకు కాశిరెడ్డి పేరు

ఒక ఈగకు పేరు పెట్టబోయి ఊరందరి ముందు పరువు పోగొట్టుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి. ఆ ఘనురాలిని నేనే.

అప్పుడు నేను వ్యవసాయ డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. మా కాలేజీవాళ్లు మమ్మల్ని తలా ఒక పల్లెకు పంపి, రైతు ఇంట్లో ఉండి, పొలంలో పురుగులు పట్టి, పెట్టెలో వరసగా గుచ్చి చూపించమన్నారు. పెట్టె బాగుంటే పాస్. లేకపోతే నా స్నేహితురాళ్లంతా పట్టాలు పుచ్చుకుని ఫొటోలు దిగే రోజున నేను మళ్లీ వల భుజానేసుకుని చేలో పరుగెత్తాలి. ఆ భయంతో నాకు అన్నం కూడా సరిగ్గా సయించేది కాదు.

నాకు బేస్తవారిపేట దగ్గర ఒక ఊళ్లో కాశిరెడ్డిగారి ఇల్లు పడింది. చుట్టరికం ఏమీ లేదు. అయినా నేను గడప తొక్కిన పూటే ఆయన పెదనాయన, ఆయన భార్య నారాయణమ్మ పెద్దమ్మ అయిపోయారు.

నేను ఎంచుకున్నవి సిర్ఫిడ్ ఈగలు. తెలియనివారికి చెబుతాను. ఈ ఈగ ఒంటి నిండా పసుపు, నలుపు చారలు వేసుకుని తేనెటీగలాగా ఫోజు కొడుతుంది గానీ, కుట్టడానికి దాని దగ్గర ముల్లే లేదు. పువ్వు ముందు గాల్లో కదలకుండా నిలబడుతుంది. దీని పిల్లపురుగులు పైరు రసం పీల్చే పేనుబంక పురుగుల్ని తినేస్తాయి. ఏది ఏ జాతో తేల్చాలంటే భూతద్దం పెట్టి రెక్కల్లోని ఈనెలు చూడాలి. అంత ఓపిక నాకెక్కడిది? సైజు చూడు, రంగు చూడు, పేరు చెప్పు. మా అమ్మ చీరకు జాకెట్టు గుడ్డ ఎంచినట్టు టకటకా తేల్చేసేదాన్ని.

ఒకరోజు పెదనాయన ధనియాల చేలో పూత మీద వల విసిరితే ఒక ఈగ పడింది. దాని వీపు గులాబీ రంగు! ఏ పుస్తకంలోనూ అట్లాంటిది లేదు. నేను వేసిన కేకకు పెదనాయన పార వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మాయ్, పాముగాని కరిచిందా?"

"కొత్త జాతి పెదనాయనా! లోకంలో ఎవ్వరూ చూడని ఈగ!"

"మన చేలోనా?"

"మన చేలోనే. దీనికి నీ పేరే పెడతా."

పెదనాయన తలగుడ్డ సర్దుకున్నాడు. "ఉత్త కాశి అని పెడతావా, రెడ్డి కూడా వస్తాదా?"

"పూర్తి పేరు పెడతా."

"అట్లయితే మంచి లావుదాన్ని చూసి పెట్టు. బక్కదానికి పెట్టినావంటే మా తమ్ముడు నవ్వుతాడు."

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ పెద్దమ్మ మూతి ముడిచింది. "ఆ చేలో కలుపు తీసేది నేను, కోత కోసేది నేను. ఈగ మాత్రం ఆయనకా?"

దేవుడు ఆమె మొర విన్నాడు. మర్నాడే నీలం వీపున్న ఈగ దొరికింది. గులాబీదానికంటే కొంచెం చిన్నది కూడా. సైజు వేరు, రంగు వేరు, కాబట్టి జాతి వేరు! పెద్దమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నీలం నాకు బాగుంటాదిలే" అని నెయ్యి ఇంకో గరిటె వేసింది.

ఇక నా బుద్ధి చూడండి. ఇంత గొప్ప ఈగల పక్కన మామూలు ఈగలు ఉంటే నామోషీ అనిపించింది. పెట్టెలో ముందు పట్టినవన్నీ సూదుల నుంచి పీకి పెద్దమ్మ కోళ్లకు వేశాను. పెట్టె నిండా గులాబీ, నీలం ఈగలే గుచ్చాను. అటు పెదనాయన మార్కాపురం పోయి ఫ్లెక్సీ కొట్టించాడు. 'ఈగల లోకంలో మన కాశిరెడ్డి' అని పైన అక్షరాలు, కింద చేతులు జోడించిన ఆయన బొమ్మ. షాపువాడికి మా ఈగ ఫొటో దొరక్క, ఆయన భుజం పక్కన ఇంత లావు ఇంటి ఈగను అతికించాడు. దూరం నుంచి చూస్తే దోమల మందు ప్రకటనలాగా ఉంది.

పెట్టె చూడడానికి మా సార్ వచ్చిన రోజు ఊరంతా పెదనాయన వాకిట్లోనే ఉంది.

"ఏ ఆధారంతో కొత్త జాతి అన్నావమ్మా?" అన్నారు సార్.

"సైజు, రంగు సార్."

"రెక్కల ఈనెలు చూశావా?"

"అంత దూరం పోలేదు సార్."

సార్ చిన్న కుంచె తీసి, నీళ్లలో ముంచి, పెదనాయన ఈగ వీపు మీద రాశారు. గులాబీ నీళ్లు కారాయి. కింద నుంచి పసుపు, నలుపు చారలు బయటపడ్డాయి. పెద్దమ్మ ఈగను కడిగారు. నీలం పోయింది, అవే చారలు.

"రెండూ ఒకటే. అన్ని చేలల్లోనూ తిరిగేదే. పురుగుగా ఉన్నప్పుడు తిండి బాగా దొరికినది పెద్దదైంది, దొరకనిది చిన్నదైంది, అంతే."

పెద్దమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అంటే సారూ, ఈగలమైనా ఈయనతోనేనా నా కాపురం?"

వాకిలంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుల్లోంచి గొర్రెలు కాసే వెంగయ్య ముందుకొచ్చాడు. "సారూ, ఆ గులాబీయి మాయి."

"నీవి ఏందిరా?" అన్నాడు పెదనాయన.

"మా గొర్లు ఇంకోళ్ల మందలో కలిసిపోకుండా ఈపున రంగేస్తాం గద మామా. మాది గులాబీ, మా బామ్మర్దిది నీలం. ఎరువుకని నీ పక్క చేలో మంద పెట్టుకున్నాం. ఆడ రంగు పొడి రుద్దుతా ఉంటే గాలికి ఎగిరి నీ ధనియాల పూల మీద పడినాది. పూల మీద వాలినవాటికి అంటుకున్నాది. మా రంగుండే జీవం యాడ తిరిగినా మాదే. ఈ అమ్మాయి మమ్మల్ని ఒక్క మాటన్నా అడక్కుండా సూదులు గుచ్చింది!"

"నా చేలో మేసినాయి, నా పేరు పెట్టుకున్నాయి, నీవి ఎట్లయితాయిరా?"

"పేరు ఈపున కనపడదు గద మామా!"

పెద్దమనుషులు తలలూపారు. రంగు మాట న్యాయమైనదేనట. సార్ రెండు చేతులతో నోరు మూసుకుని, భుజాలు కదిలిపోతుంటే గోడ వైపు తిరిగారు. నేను వెంగయ్యకు దండం పెట్టి, చనిపోయిన ఆయన జీవాలను ఆయనకు, ఆయన బావమరిదివి ఆయన బావమరిదికి వేరు చేసి అప్పగించాను. పెట్టె ఖాళీ అయింది.

"సార్, నా పాసు?" అన్నాను ఏడుపు గొంతుతో.

"గొర్రెల పెంపకం పరీక్ష అయితే ఇప్పుడే పాస్ చేసేవాణ్ని తల్లీ. ఏ మంద ఎవరిదో ఒక్కటి కూడా తప్పు లేకుండా విడదీశావు. ఈగల్లో మాత్రం వచ్చే ఏడాది చూద్దాం."

ఆ వచ్చే ఏడాది అదే చేలో, ఎండకు వెలిసిన ఆ ఫ్లెక్సీ కిందే ఈనెలు లెక్కపెడుతూ పాసయ్యాను. అందుచేత పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మన ఇళ్లల్లో బిడ్డకైనా ముందు నీళ్లు పోసి, ఆ తర్వాతే పేరు పెడతారు. ఇకమీదట స్నానం చేయించకుండా ఏ ఈగకూ నామకరణం చేయను.