తాటిచెట్లకు పెట్టని బుగ్గ

కొత్తకోట దాటాక, బస్సులో నా పక్కనున్న గీత కార్మికుడు కిటికీలోంచి నరికిన తాటిచెట్ల మొదళ్లు చూపించాడు. విమానాశ్రయం కోసం సర్వే చేసినవాళ్లు, విమానం దిగే దారికి అడ్డమని కొట్టించారట. ఇప్పుడతను పొరుగూరి చెట్లెక్కడానికి పోతున్నాడు, ఒళ్లో మోకు పెట్టుకుని.

మొదళ్ల వెనకే ఒక నాయకుడి మేడ ఉంది, ఐదంతస్తులది.

"మరి అది అడ్డం కాదా?" అన్నాను.

"విమానానికి కనబడెటట్టు దానిమీద ఎర్ర లైటు బుగ్గ పెడితే సాలట సార్. మా చెట్లకు గూడ జర గదే బుగ్గ పెట్టుండ్రి అని అడిగిన. నవ్విన్రు."

కాండ్రించి కిటికీలోంచి ఉమ్మాడు. నాకు రోత పుట్టి, ముఖం తిప్పుకున్నాను.

కొన్నేళ్ల తర్వాత, మొన్న మళ్లీ అదే దారిలో వెళ్లాను. విమానాశ్రయం జాడే లేదు. మేడ మీద ఎర్ర బుగ్గ మాత్రం పట్టపగలే వెలుగుతోంది. కిటికీ అద్దం జరిపి, నేనూ ఉమ్మాను.