స్టాంపు వేసే ముందు ఒక ప్రశ్న

మా లైబ్రరీ మేడమ్ పోయారు. మొన్న మంగళవారం పొద్దున తార్నాక చౌరస్తాలో ఇడ్లీ బండి ముందు నిలబడి ఉండగా ఆమె చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. “అంకుల్, పెద్దమ్మ ప్రభువు దగ్గరికి పోయింది. ఫస్ట్ మీకే చెప్తున్న” అన్నది. నేను సరే అన్నాను. సరే అనడం ఏమిటో! చట్నీ వేయమంటారా అని బండి ఆవిడ అడిగితే ఆమెకూ సరే అన్నాను. ఈ సంగతి ఎవరికి చెప్పాలా అని ఫోన్‌లో పేర్లు కిందికీ మీదికీ తోస్తూ చాలాసేపు నిలబడ్డాను. నాకు ఏదైనా జరిగితే చెప్పుకునే మనిషి ఒక్కరే ఉండేవారు, ఆమే పోయారు. ప్లేటు బండి మీదే పెట్టేసి గదికి నడిచాను.

ఆమె ఫోటో మీరు పేపర్లో చూసి ఉండరు. యూనివర్సిటీలో మా డిపార్టుమెంటు లైబ్రరీ కౌంటర్ వెనక సర్వీసంతా కూర్చుని, పుస్తకాలు ఇచ్చి పుస్తకాలు తీసుకున్న మనిషి. జనగామ దగ్గరి పల్లెనుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు “తీరలేదు” అనేవారు, బజారుకు పోవడానికి తీరలేదన్నంత మామూలుగా. నేను నల్లగొండ వైపు రైతుల ఇంటినుంచి ఎం.ఏ. చదవడానికి వచ్చి, రీసెర్చి చేసి, అదే డిపార్టుమెంటులో కాంట్రాక్టు లెక్చరర్‌గా చేరి, ఇప్పటికీ కాంట్రాక్టులోనే ఉన్నాను. నాకూ పెళ్ళి తీరలేదు.

ఆమె గురించి చెప్పాలంటే ఒక నవల గురించి చెప్పాలి. పేరు చెప్పను. చెబితే మీరు మీ అభిప్రాయం మొదలుపెడతారు, నాకు వాదించే ఓపిక ఇప్పుడు లేదు. అందులో ఒకే వాడలో పుట్టిన ఇద్దరు దోస్తులు. ఒకడు పాస్టరు అవుతాడు. ఇంకొకడు దేవుడు లేడు, దయ్యం లేదు అంటూ తిరుగుతాడు. జీవితమంతా కొట్లాడుకుంటూనే కలిసి బతుకుతారు. చివరికి నాస్తికుడు మంచం పడతాడు. అప్పుడు పట్టుకుంటుంది భయం. నువ్వు పైకి పోయి మీవాళ్ళతో ఉంటావు, నేనొక్కణ్ణే మట్టిలోకి పోతాను అని ఏడుస్తాడు. పాస్టరు అతని చెయ్యి పట్టుకుని, నేను కూడా నమ్మనురా, ఇద్దరం మట్టిలోకే పోదాం అంటాడు. నవల అక్కడితో అయిపోతుంది.

మా లైబ్రరీలో ఆ నవల ఎప్పుడూ ఎవరో ఒకరి దగ్గరే ఉండేది. తిరిగి ఇవ్వడానికి వచ్చినవాళ్ళకు మేడమ్ దగ్గర ఒక పరీక్ష ఉండేది. స్టాంపు ఇంకు ప్యాడ్‌కు అద్ది, చెయ్యి గాల్లోనే ఆపి, కళ్ళజోడు మీదినుంచి చూసేవారు. “గా పాస్టరు చెప్పింది అబద్ధమా, నిజమా?” జవాబు చెప్పేదాకా స్టాంపు కిందికి దిగేది కాదు. వెనక లైనులో ఉన్నవాళ్ళు గొణిగినా సరే. ఒకసారి ఒక కుర్రాడు తప్పించుకోవడానికి “బాగున్నది మేడమ్” అన్నాడు. “బాగున్నదంటే ఏంది? నేనేమన్న ఉప్మా పెట్టిననా నీకు? చదివి రాపో” అని పుస్తకం మళ్ళీ అతని చేతిలోనే పెట్టారు. లైను లైనంతా నవ్వింది. వాడు నిజంగానే చదివి వచ్చాడు.

నా వంతు వచ్చినప్పుడు నేను ఎం.ఏ. మొదటి సంవత్సరం. తెలివి అంతా నాకే ఉందనుకునే వయసు. “అబద్ధమే మేడమ్. కానీ దోస్తు ఒంటరిగా పోకూడదని తన దేవుణ్ణే పక్కన పెట్టిండు చూడండి, అంతకంటే పెద్ద పని లేదు” అన్నాను. ఆమె స్టాంపు వేసి, “ఇది ఇయ్యాల్టి మాట. మారితే వచ్చి చెప్పు” అన్నారు. ఆ మాట అందరికీ అనేవారు. కొందరు నిజంగానే వచ్చి చెప్పేవారు. ఉద్యోగాల్లో చేరి, పిల్లల్ని వెంటబెట్టుకుని క్యాంపస్ చూపించడానికి వచ్చినప్పుడు కౌంటర్ దగ్గర ఆగి, “మేడమ్, నాది మారింది” అనడం నా చెవులతో విన్నాను.

ఎన్ని జవాబులు విన్నామో! జెండా పట్టుకుని తిరిగే ఒక విద్యార్థి నాయకుడు “ఆఖర్ల పాస్టరు సరైన లైనుకు వచ్చిండు” అన్నాడు. హాస్టల్‌నుంచి వచ్చిన ఒక అమ్మాయి పుస్తకాన్ని కౌంటర్ మీద ఠపీమని పెట్టి, “దేవుణ్ణి అమ్ముకున్నడు మేడమ్, ఇంకోసారి ఈ బుక్ ఎవ్వరికి ఇయ్యకండి” అంది. ఒక రిటైరైన ప్రొఫెసరు గారు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. ఆయన ఒక్కరికే జవాబు లేకుండా స్టాంపు పడింది. మేడమ్ అందరి మాటకూ తల ఊపేవారు. మీదేమిటి అని అడిగితే, “నాది చెప్తే మీరంత నా మొఖం చూసి చెప్తరు. అడిగేదాన్ని, నన్ను అడగనియ్యండి” అనేవారు. చివరిదాకా చెప్పలేదు.

రిటైరయ్యాక తార్నాకలో రెండు గదుల పోర్షన్‌లో, చెల్లెలి కూతుర్ని చదివించుకుంటూ ఉన్నారు. పేర్లు లేకుండా నంబర్లే ఉన్న వీధుల్లో ఒకటి. ప్రతి గురువారం క్లాసులు అయ్యాక క్యాంపస్ దాటి నడుచుకుంటూ ఆ ఇంటికి పోయేవాణ్ణి. ఆమె సొంతంగా కొనుక్కున్న ఆ నవల కాపీ ఒకటి ఉండేది, దాన్ని వీధిలోవాళ్ళకు, చర్చివాళ్ళకు తిప్పడం మొదలుపెట్టారు. స్టాంపు లేదు కానీ ప్రశ్న అదే. నేను పోగానే “ఈ వారం ఏమొచ్చింది మేడమ్?” అని అడిగేవాణ్ణి. ఆమె ఉత్సాహంగా చెప్పేవారు. మౌలాలిలో ఉండే సొంత చెల్లెలు సగం చదివి, ఇటువంటి పుస్తకం ఇంట్లో ఉంటే ప్రార్థనలు పైకి పోవని తిప్పి పంపించిందట. పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ, “ఆయన నమ్మిండో లేదో నాకెందుకమ్మా, చెయ్యైతే ఇడువలేదు కద” అందట. “చూసినవా బిడ్డా, నువ్వు పీహెచ్‌డీ చేసినవు, ఆమె జాకెట్లు కుట్టింది” అని నన్ను ఉడికించి మురిసిపోయారు. నేను మాత్రం నా మొదటి మాటమీదే ఉన్నాను. క్లాసులో, సెమినార్లలో, చాయ్ కొట్ల దగ్గర, ఎక్కడ ఆ నవల మాట వచ్చినా ఆ పాస్టరు తరఫున గొంతు చించుకున్నాను.

ఆమె ఏది నోట్లో పెట్టుకోవాలన్నా ముందు కళ్ళు మూసుకుని పెదవులు కదిపేవారు. చాయ్ అయినా సరే, చెగోడీ అయినా సరే. నేను కప్పు పట్టుకుని ఆగేవాణ్ణి. “చాయ్‌కు కూడా థ్యాంక్సేనా మేడమ్?” అంటే, “నీది గూడ కలిపే చెప్పిన, తాగు” అనేవారు. ఇన్నేళ్ళలో నన్ను చర్చికి రమ్మని ఒక్కసారి అనలేదు. నేను నమ్మనని ఆమెకు తెలుసు. ఆమె నమ్ముతారని నాకు తెలుసు. మా మధ్య ఆ సంగతి కిటికీ దగ్గర మూడో కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు ఉండేది, ఎవరమూ దాన్ని లేవమనలేదు.

ఇక చెప్పాలి. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చున్నది దీనికోసమే.

పోవడానికి ఐదు రోజుల ముందు ఆమె అంబర్‌పేట్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో ఉన్నారు. మధ్యాహ్నం నేను పోయాను. చెల్లెలి కూతురమ్మాయి మందులు తేవడానికి కిందికి దిగింది. మేడమ్‌కు ఆయాసం ఎక్కువగా ఉంది, మాట తడబడుతోంది. నన్ను దగ్గరికి రమ్మని, “బిడ్డా, ఒక్క ముక్క ప్రార్థన చెయ్యి. నాకు నోరు తిరుగుతలేదు” అన్నారు.

నేను ఏమన్నానో తెలుసా? “నాకు నమ్మకం లేదు కదా మేడమ్. మీ దగ్గర అబద్ధం ఆడలేను” అన్నాను.

ఆమె నన్ను కొంచెంసేపు చూశారు. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. “సరే బిడ్డా. బస్సులు రష్ అయితయి, నువ్వు పో ఇగ” అన్నారు. ఎంత నిజాయితీపరుణ్ణి అనుకుంటూ మెట్లు దిగాను.

బస్సు రామంతాపూర్ దాటుతుండగా తెలిసొచ్చింది. పాతికేళ్ళు ఒక పాస్టరును నెత్తిన పెట్టుకుని ఊరేగించాను. ఆయన తన జీవితమంతటినీ పక్కన పెట్టి దోస్తుకు తోడు పోయాడు. నన్ను అడిగింది ఒక్క ముక్క. ప్రభువా అని మొదలుపెట్టి నాలుగు మాటలంటే నా ముల్లె ఏం పోయేది? పుస్తకంలో అయితే అది గొప్పతనం, నా నోటిదాకా వచ్చేసరికి అబద్ధం. బస్సు దిగి వెనక్కి పోవచ్చు. సిగ్గేసింది. రేపు పోదాంలే అనుకున్నాను. రేపు పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. ఎల్లుండికి ఆమెను ఐసీయూలో వేశారు, లోపలికి పోనివ్వలేదు. అద్దంలోంచి చూశాను. నేను వచ్చినట్టు ఆమెకు తెలియదు.

మీరు నన్ను ఓదార్చవద్దు. ఆమె అర్థం చేసుకునే ఉంటారని అమ్మాయి కూడా అన్నది. అర్థం చేసుకునే ఉంటారు, అందుకే నాకు ఇంత బాధ.

మూడోనాడు ఆమె ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు, పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చడానికి చేసే ప్రార్థన. వీధిలో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. లోపలి గదిలో ఆమె మంచం ఎత్తేసి చాపలు పరిచారు. మౌలాలి చెల్లెలు ఏడ్చి ఏడ్చి గొంతు పోయి గోడకు ఆనుకుని కూర్చుంది. బట్టలు కుట్టే ఆవిడ నాకు చోటిచ్చి పక్కకు జరిగింది. పాటలు పాడారు, బైబిల్లోంచి వాక్యం చదివారు. ఎప్పుడైపోతుందా అని చూస్తున్నాను, అయిపోతే ఎక్కడికి పోవాలో తెలియక భయపడుతున్నాను కూడా. ఆ రోజు గురువారం.

వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. కూడిక ముగిసే ముందు పాస్టరుగారు కూర్చున్నవాళ్ళలో ఒకరిని లేపి ప్రార్థన చేయమంటారు. దగ్గరివాళ్ళనే లేపుతారు. ఆయన గదంతా చూసి, “సార్ మన సిస్టర్‌గారింటికి ప్రతి గురువారం వచ్చెటోరు. ఆయన ఎవరో మీకందరికి ఎరుకే. సార్, మీరు లేచి ఒక మాట ప్రార్థన చెయ్యండి” అన్నారు. నేను వారం వారం వచ్చేది ప్రార్థనకేనని ఆయన అనుకున్నారు. చర్చిలో అందరూ అదే అనుకున్నారట. కాదని మేడమ్ ఎవరికీ చెప్పలేదన్నమాట. అమ్మాయికి ఒక్కదానికే తెలుసు. ఆమె కంగారుగా నా వైపు చూసి, “పాస్టర్‌గారూ, అంకుల్...” అని ఏదో సర్దబోయింది.

నేను లేచి నిలబడ్డాను.

అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. ఆడవాళ్ళు కొంగులు తలమీదికి లాక్కున్నారు. అమ్మాయి కూడా మూసుకుంది. గది నిండా మనుషులు, తెరిచి ఉన్న కళ్ళు నావే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అది స్టార్ట్ కావడం లేదు. నేనూ కళ్ళు మూసుకున్నాను.

“ప్రభువా” అన్నాను.

ఆ ఒక్క మాట నా గొంతులో నాకే కొత్తగా వినిపించింది. అంతమందీ, ఎవరూ కళ్ళు తెరవకుండా, తర్వాతి మాటకోసం నాతో పాటు ఆగారు.