అలసిపోలేదని ఒప్పించిన రాజీ

మా చెల్లెలి కొడుకు విమానం నడిపేవాడు. పెద్దది కాదు, రెక్కల మీద పంకాలు తిరుగుతూ కనిపించే చిన్న విమానం. హైదరాబాదు నుంచి కడపకు, కడప నుంచి ఇంకో ఊరికి, మళ్లీ వెనక్కి, రోజంతా ఎగరడం, దిగడం. ఆ రెండే కష్టమనీ, పైన సాగే దూరం సులువేననీ వాడు చెప్పేవాడు. చిన్న విమానంలో ఆ సులువు భాగమే తక్కువ.

వాళ్లకొక నియమం ఉంది. పనిగంటలకు హద్దు ఉంటుంది. హద్దు రాకముందే ఒంట్లో ఓపిక అయిపోయిందని పైలట్‌కు తెలిస్తే, ఆ మాట చెప్పి పక్కకు తప్పుకోవాలి. దాన్ని కాదనే అధికారం ఎవరికీ లేదు. నేను జీవితమంతా హేతువు గురించి వాదించినవాణ్ని. మనిషి శరీరం చెప్పే మాటను సాక్ష్యంగా తీసుకున్న నియమం నాకు అదొక్కటే కనిపించింది.

మా వైపు శరీరం మాట ఎవరు వింటారు? ఫ్యాక్షన్ రోజుల్లో నేను జమ్మలమడుగులో, పులివెందులలో మూఢనమ్మకాల మీద సభలు పెట్టేవాణ్ని. నాయకుల వెంట తిరిగేవాళ్లు అప్పట్లో నిద్రపోకపోవడమే మగతనం అనుకునేవారు. జీపులో కునుకు తీసినవాణ్ని సంవత్సరమంతా ఎగతాళి చేసేవారు. తర్వాత బాంబులు పోయాయి, జీపులు పోయి తెల్ల కార్లు వచ్చాయి, మెడలో పార్టీ కండువాలు పడ్డాయి. మెడలు మాత్రం అవే.

ఎన్నికల ముందు ఒక మధ్యాహ్నం హైదరాబాదులో చర్చాసభ కోసం కడప విమానాశ్రయంలో కూర్చున్నాను. నడపబోయేది మావాడేనని తెలుసు. తెల్లవారకముందు నుంచి వాడు పనిలో ఉన్నాడు. బయలుదేరే వేళ దాటినా మమ్మల్ని పిలవలేదు. కారణం గేటు బయట కారులో కూర్చుని ఉంది. జమ్మలమడుగు వైపు నాయకుడొకడు టికెట్ కోసం పార్టీ పెద్దలను కలవడానికి వెళ్తున్నాడు. రాహుకాలం పోయేదాకా కారు దిగనన్నాడు. విమాన కంపెనీ స్థానిక ఉద్యోగి భయపడి, ఏదో సాంకేతిక కారణమని మాకు చెప్పాడు.

రాహుకాలం పోయింది. నాయకుడు నలుగురు అనుచరులతో లోపలికి వచ్చాడు. కాసేపటికి మావాడు వచ్చి ఆ ఉద్యోగితో మాట్లాడాడు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎండలో, ఇరుకు సీట్లో ఎదురుచూడటం కూడా పనే. తను అలసిపోయాననీ, ఇక నడపడం క్షేమం కాదనీ చెప్పాడు.

"ఏందప్పా, నిద్రొస్తాందా?" అన్నాడు అనుచరుల్లో ఒకడు. "ఉయ్యాల కట్టిస్తాం, ఎక్కి పండుకో!"

"మేము వారాలకు వారాలు కన్ను మూయకుండా తిరిగినోళ్లం. ఒక పూటకే ఈనికి నీరసమొచ్చెనంట!" అన్నాడు ఇంకొకడు.

నాయకుడు మాత్రం మెల్లగా అడిగాడు. "యాడిదిరా మనది?"

"ప్రొద్దుటూరండీ."

"మనోడివే. మరి మనోళ్లకే ఇట్ల చేస్తే ఎట్ల?"

"మీతో పాటు ఇంతమంది ఉండారు సార్. మా మామ కూడా ఉండాడు. నేను నడపలేను."

నేను లేచి, రాహుకాలం అన్నది పంచాంగంలో తప్ప ఆకాశంలో లేదనీ, అలసట మాత్రం ఈ పిల్లవాడి ఒంట్లో నిజంగా ఉందనీ అన్నాను. "సారూ, నీ ఉపన్యాసం హైదరాబాదులో చెప్పుకో," అని నవ్వారు. విమానం రద్దయింది. నాయకుడు కారులో పోయాడు. అతను చేరేలోపు టికెట్ ఇంకొకరికి పోయింది.

మరునాటి నుంచి ప్రొద్దుటూరులో మా చెల్లెలి భర్త బట్టల కొట్టు ముందు ఆ మనుషులు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఎవరినీ ఏమీ అనరు, ఊరికే కూర్చుంటారు. కొనేవాళ్లు రావడం మానేశారు. విమాన కంపెనీవాళ్లు, మీ ఊరి గొడవ మీరే సర్దుకోండి, లేకపోతే మీ ఉద్యోగం సంగతి ఆలోచించాల్సి వస్తుందని మావాడికి చెప్పారు.

మా వైపు రాజీకి ఒక పద్ధతి ఉంది. పెద్దమనిషి ఇంట్లో కూర్చుంటారు. తగ్గాల్సినవాడు తప్పు నాదేనంటాడు. అది నిజమా అని ఎవరూ అడగరు. టీ తాగి లేస్తారు. ఆ మాటను మళ్లీ ఎవరూ ఎత్తకూడదు.

నేను వద్దన్నాను. చెల్లెలు ఏడ్చింది. "ఒక్క మాటే గదన్నా! అంటే నోరేమైనా అరిగిపోతాదా? ఉద్యోగం నిలబడల్ల గదా."

నాయకుడి ఇంటి వరండాలో మావాడు నిలబడ్డాడు. క్షమించమన్నాడు. సరిపోలేదు.

"అట్ల కాదు. ఆ పొద్దు నాకు అలుపు లేదు, పొగరుతో చెప్పినానని చెప్పు," అన్నాడు అనుచరుడు.

"అది అబద్ధం," అన్నాను నేను.

"సారూ, ఇది కోర్టు కాదు. రాజీ. నువ్వు కాసేపు నోరు మూసుకో."

మావాడు వాళ్ల అమ్మ వైపు చూశాడు. "నాకు ఆ పొద్దు అలుపు లేదు. పొగరుతో చెప్పినా," అన్నాడు. నాయకుడు వాడి భుజం తట్టాడు. టీ వచ్చింది. కొట్టు ముందు కుర్చీలు ఆ సాయంత్రమే లేచిపోయాయి.

కానీ అనుచరుల్లో ఒకడు అదంతా ఫోన్లో తీశాడు. పైలట్‌ను మా అన్న ఎట్లా వంచాడో చూడండని ఊరంతా పంచుకున్నాడు. అది కంపెనీకీ చేరింది. మా రాజీ పద్ధతి వాళ్లకేం తెలుసు? అలసట లేకుండానే ఉందని అబద్ధం చెప్పి విమానం ఆపినట్టు మీరే ఒప్పుకున్నారు గదా అని ఉద్యోగం తీసేశారు. నిజం చెప్పినవాణ్ని అబద్ధాలకోరని పంపేశారు, అదీ వాడి నోటితోనే. అంత చక్కని నియమం, దాన్ని కాగితం మీద రాసినవాళ్ల చేతిలోనే వాడి మీదికి తిరిగింది. వేరే కంపెనీల్లో అడిగాడు. వాళ్లూ ఆ వీడియో చూశారు.

నాయకుడు కండువా మార్చి గెలిచాడు. మొన్న అతని మనిషి మా చెల్లెలి ఇంటికి వచ్చాడు. "అన్న ఆ కంపెనీ పెద్దోళ్లతో మాట్లాడతాడంట. మళ్లా ఉద్యోగం ఇప్పిస్తాడు. మీవోన్ని ఒకసారి వచ్చి కలిసి పొమ్మనండి."

"కలిసేదానికా, మళ్లీ ఏమైనా ఒప్పుకునేదానికా?" అని అడిగాను.

"నీకెప్పుడూ వాదనే సారూ," అన్నాడు వాడు.

మావాడు లోపలికి పోయి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చెల్లెలు కాలర్ సరిచేసి, రాహుకాలం పోయినాక బయలుదేరమంది.