నాలోంచి ఏం తీసేశారో

పెద్దదానా, కాల్గరీ నుంచి వీడియో కాల్‌లో పొత్తికడుపు పట్టుకుని నువ్వు అడిగినదానికి ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. రేపు నీ చెల్లెలికీ అది అవసరపడొచ్చు. అందుకే ఇద్దరికీ చెబుతున్నాను.

"అమ్మమ్మా, నా ఓవరీ మీద సిస్ట్ ఉందట. హార్మోన్స్ కూడా సరిగ్గా లేవట. ఫ్యామిలీలో ఎవరికైనా ఉందా అని డాక్టర్ అడుగుతోంది. నీకు ఆపరేషన్‌లో ఏం తీశారు?"

"గర్భసంచి తీశారమ్మా."

"ఓవరీస్ కూడానా? ఎందుకు? క్యాన్సరా?"

"ఏదో గడ్డ అన్నారు తల్లీ."

అంతకుమించి నాకు తెలియదు.

అప్పటికి నాకు ముప్పై అయిదు నిండలేదు. నెలలో సగం రోజులు కడుపు నొక్కుకుంటూనే వంట చేసేదాన్ని. మా తోటికోడలు నవ్వేది. "ఇద్దరు పిల్లలయ్యారుగా, ఇంకా ఆ సంచి మోసుకు తిరగడమెందుకే? తీయించేసుకో. ఏ పూజకైనా తేదీలు చూసుకునే పనుండదు." మా వీధిలో చాలామంది అప్పటికే తీయించుకున్నారు.

డాక్టరు నన్ను పరీక్ష చేసి, విషయం మాత్రం బయట మీ తాతయ్యతో మాట్లాడారు. ఆయన లోపలికొచ్చి, "గడ్డ ఉందట, తీసేస్తారట. భయపడకు" అన్నారు. సరేనన్నాను. నొప్పి పోతే చాలనుకున్నాను. ఆపరేషన్ తర్వాత ఒంట్లోంచి ఆవిర్లు, ఫ్యాన్ కింద కూర్చున్నా చెమటలు. ఎండలనుకున్నాను. మీ తాతయ్యా నేనూ ఇంకో ముప్పై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. ఏదో ఒక సాయంత్రం, టీ ఇస్తూ, అసలు ఆ రోజు డాక్టరు ఏమన్నారని అడిగితే సరిపోయేది. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.

నీ కాల్ అయ్యాక మీ మామయ్యతో చెప్పుకోలేక మీ అత్తకు చెప్పాను. తను సెలవు పెట్టి, నేను వాళ్ల దగ్గరుంటున్న ఈ మిస్సిసాగాలోనే స్కానింగ్‌కు తీసుకెళ్లింది.

"అత్తయ్యా, ఇంకో గ్లాసు నీళ్లు తాగాలట."

"ఇంక తాగితే ఇక్కడే పరువు పోతుందమ్మా."

తర్వాతి వారం డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాం. ఆవిడ చెప్పినదాన్ని మీ అత్త మెల్లగా తెలుగులో చెప్పింది. "గర్భసంచితో పాటు ఓవరీలు రెండూ తీసేసినట్టే ఉందట అత్తయ్యా. ఆ ఆవిర్లు, చెమటలు అందుకేనట. అంత చిన్న వయసులో రెండూ ఎందుకు తీశారని అడుగుతోంది."

"స్కానింగ్‌లో తెలియలేదా?"

"లేనివాటి గురించి అందులో ఏం తెలుస్తుంది?"

కారెక్కాక మీ అత్త సీటు బెల్టు పెట్టుకోకుండా కాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నాకు ఏడుపు రాలేదు. నువ్వే కళ్లముందు మెదిలావు.

మళ్లీ వెళ్లినప్పుడు మీ డాక్టరుకు ఇలా చెప్పు తల్లీ. మా అమ్మమ్మకు ముప్పై అయిదు లోపే రెండూ తీసేశారు, కారణం ఎవరికీ తెలియదు అని చెప్పు. మా ఇంట్లో ఎవరికీ లేదని మాత్రం చెప్పకు. నీకు ఏం చేసినా, ఎందుకో నీకే చెప్పమను. చెప్పేదాకా ఆ కుర్చీలోంచి లేవకు.