చిన్నోడు తీసిన ఆఖరి ఫోటో

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదట్నుంచీ మంట. నూజివీడులో ఫోటో స్టూడియో నాది. ఫోటోలో ఎవరో నీడలా నిలబడ్డారంటూ భయపడుతూ వచ్చేవాళ్లను కసిరి పంపేవాణ్ణి. ఒకే ఫిల్ము మీద పొరపాటున రెండుసార్లు తీస్తే అలాగే వస్తుంది. అంతకు మించి ఏమీ లేదు.

మా తమ్ముడు సామ్యేలు నా దగ్గరే పని నేర్చుకుని మద్రాసు పత్రికలో చేరాడు. పెద్ద యుద్ధం ముగిశాక బర్మా వెళ్లాడు. అక్కణ్ణుంచి జావా. అక్కడ జనం డచ్చివాళ్ల మీద తిరగబడ్డారు. మనకు స్వాతంత్ర్యం వచ్చిన రోజున కూడా వాడు ఇంట్లో లేడు. ఏటా కోతలప్పుడు అమ్మ ముసునూరులో మా మామిడితోటలో మంచి చిన్నరసాలు ఏరి, వాడి కోసం గడ్డిలో మాగబెట్టేది. ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. చివరికి అవి కుళ్లిపోయేవి.

స్వాతంత్ర్యం వచ్చాక రెండో వేసవిలో, గాలివానకు తోటలో బావి పక్క చెట్టు కూలింది. మర్నాడు మధ్యాహ్నం అమ్మ తోట నుంచి వచ్చి, "చిన్నోడొచ్చాడ్రా. పండు ఇస్తే తీసుకోకుండానే వెళ్లిపోయాడు," అంది.

"ఎండదెబ్బ తగిలినట్టుంది, పడుకో," అని విసుక్కున్నాను.

కొద్ది రోజులకే పత్రికవాళ్ల టెలిగ్రాం వచ్చింది. జావాలో తూటా తగిలి సామ్యేలు పోయాడు. అక్కడే సమాధి చేశారు. ఏడుస్తూనే అమ్మకు చదివి వినిపించాను. అమ్మ మాత్రం ఏడవలేదు. "మొన్నేగా చూశాను. బతికున్నోడికి జ్ఞాపకార్థ కూటం ఏంటండీ?" అంటూ పాస్టరుగారిని గుమ్మంలోంచే పంపేసింది. అమ్మ కూడా ఇక దక్కదేమోనని భయం పట్టుకుంది నాకు.

తొలకరి పడే వేళకి, వాడితో పనిచేసిన ఒకాయన వాడి కెమెరా తెచ్చిచ్చాడు. లోపల ఫిల్ము అలాగే ఉంది. డార్క్‌రూములో నేనే కడిగాను. తగలబడుతున్న ఇళ్లు, తుపాకులు పట్టిన కుర్రాళ్లు, రోడ్డు మీద శవాలు. అన్నిటికన్నా చివర్న మా అమ్మ.

కూలిన చెట్టు పక్కన నిలబడి, కెమెరా వైపు మామిడిపండు చాపి నవ్వుతోంది. రెండు బొమ్మలు కలిశాయేమోనని భూతద్దం పెట్టి వెతికాను. రెండో బొమ్మ జాడే లేదు. వాడు ఊరు విడిచేనాటికి ఆ చెట్టు నిండుగా నిలబడే ఉంది.

అమ్మకు చూపించకూడదనుకున్నాను. ఉండలేకపోయాను. అమ్మ ఆ ఫోటో ఒళ్లో పెట్టుకుంది.

"కెమెరా దించలేదురా వాడు. దించితేగా పండు తీసుకునేది," అంది. అప్పుడు ఏడ్చింది.

ఆ ఆదివారమే కూటం పెట్టించింది. గడ్డిలో మిగిలిన ఆఖరి కోత పళ్లు తనే తీసి, వచ్చినవాళ్ల చేతుల్లో పెట్టింది.

ఆ ఫోటో ఎలా వచ్చిందో ఈ రోజుకీ నాకు తెలియదు. ఫోటోలో నీడ పడిందంటూ ఎవరైనా స్టూడియోకి వస్తే మాత్రం ఇప్పుడు కసరడం లేదు. కూర్చోబెట్టి మంచినీళ్లిస్తున్నాను.